ఆముదంతో ఎగిరే హెలికాప్టర్: ఇంధన ట్యాంకు సంరక్షణ

సిద్దిపేట జిల్లాలో పత్తి చేలు పూతకు వచ్చే వేళకు ఊరూరా ఒక శబ్దం మొదలవుతుంది. వీపున కట్టుకొని మందు చల్లే పవర్ స్ప్రేయర్ శబ్దమది. రైతులు దానిని తైవాన్ స్ప్రేయర్ అని కూడా వ్యవహరిస్తారు. మందు నీళ్లు పట్టే పెద్ద డబ్బా, దానికి అనుబంధంగా చిన్న ఇంజను, ఆ ఇంజనుకు పెట్రోలు అందించే మరింత చిన్న ట్యాంకు - ఇదే ఆ యంత్రపు స్వరూపం. సాలు మధ్యలో ఇంజను ఒక్కసారిగా గొంతు మార్చి, రెండుసార్లు దగ్గినట్లు చేసి ఆగిపోవడం రైతుకు కొత్త అనుభవం కాదు. మొదట అతడు ప్లగ్గును విప్పి తుడుస్తాడు. తరువాత కార్బ్యురేటర్‌ను అనుమానిస్తాడు. చివరకు మెకానిక్ దగ్గరకు తీసుకొని వెళితే, అతడు ట్యాంకు మూత తీసి, లోపలి నుండి ఒక మెత్తని గొట్టాన్ని బయటకు లాగి, దానిమీద వెంట్రుకవాసి పగులును చూపుతాడు. ట్యాంకులో పెట్రోలు ఉన్నది. ఇంజనులో లోపం లేదు. ఆ పగులు గుండా పెట్రోలుతో పాటు గాలి కూడా లోపలికి పోవడమే జబ్బు.

స్ప్రేయర్ ఆగిపోతే రైతు దానిని గట్టుమీద దించి, నడుము సరిచేసుకొని, మళ్లీ తాడు లాగుతాడు. పోయేది కాసింత సమయం మాత్రమే. అయితే ఇదే లోపం నేలకు ముప్పై మీటర్ల ఎత్తున తిరుగుతున్న యంత్రంలో తలెత్తితే ఏమవుతుంది? రేడియో తరంగాల ద్వారా నడిపే నమూనా హెలికాప్టర్లలో ఇంధన ట్యాంకు సంరక్షణకు అంత ప్రాధాన్యం ఏర్పడడానికి కారణం ఈ ప్రశ్నే. అక్కడ దించి పెట్టడానికి గట్టు ఉండదు.

నమూనా హెలికాప్టర్ అంటే కేవలం ఆటవస్తువు అనుకోవడం పొరపాటు. పెద్ద హెలికాప్టర్‌లో ఉండే ప్రధాన రోటరు, తోక రోటరు, రెక్కల వాలును మార్చే యంత్రాంగం ఇందులోనూ ఉంటాయి. విమానాల నమూనాలను ఎగరవేయడం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే సాధ్యమైనా, హెలికాప్టర్ నమూనా మాత్రం చాలాకాలం లొంగలేదు. జర్మనీ దేశస్థుడైన డీటర్ ష్లూటర్ 1960ల చివరి సంవత్సరాలలో చేసిన కృషి ఫలితంగా 1970 నాటికి అదుపులో ఎగిరే నమూనా హెలికాప్టర్ రూపుదిద్దుకొన్నది. దానికి ముందే దానికి తగిన ఇంజను సిద్ధమై ఉండడం గమనింపదగిన విషయం. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో గ్లో ప్లగ్గును మార్కెట్టులోకి తెచ్చాడు. మోటారు సైకిల్ ప్లగ్గులో మాదిరిగా ఇందులో నిప్పురవ్వ పుట్టదు. ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. ఇంజనును ప్రారంభించేటప్పుడు చిన్న బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాల్చి, ఇంజను అందుకోగానే బ్యాటరీని తొలగిస్తారు. ఆపై ఇంధనంలోని మిథనాల్ ఆవిరి ప్లాటినం ఉపరితలంపై చర్య జరిపి, ఆ తీగను తనంతట తానే ఎర్రగా ఉంచుతుంది. బరువైన బ్యాటరీని, కాయిలును మోయవలసిన అవసరం తప్పింది. నమూనా యంత్రాలకు అంతకంటె గొప్ప మేలు మరొకటి లేదు.

ఈ ఇంజను తాగే ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్, నైట్రోమీథేన్, కందెన నూనె అనే మూడింటి మిశ్రమమది. నైట్రోమీథేన్ పేరు మీదుగానే వీటిని నైట్రో ఇంజనులు అంటారు. అయినా మిశ్రమంలో అధిక భాగం మిథనాల్‌దే. హెలికాప్టర్లకు వాడే ఇంధనంలో నైట్రోమీథేన్ సాధారణంగా 15 నుండి 30 శాతం వరకు, నూనె ఇంచుమించు 16 నుండి 23 శాతం వరకు ఉంటాయి. నైట్రోమీథేన్ తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొని వస్తుంది కనుక ఇంజనుకు అదనపు బలం చేకూరుతుంది.

ఇక ఆ నూనె సంగతి. తెలుగువారు చదివి ఆశ్చర్యపోవలసిన భాగం ఇదే. నమూనా ఇంజనులకు తరతరాలుగా వాడుతున్న కందెన నూనె మరేదో కాదు, ఆముదం. తలకు రాసుకొన్న ఆముదం, దీపానికి పోసిన ఆముదం, పసిపిల్లల కడుపు శుద్ధికి పట్టిన ఆముదం, బండి ఇరుసుకు పూసిన ఆముదం - అదే. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత దానిని కొంత చిన్నచూపు చూసింది కాని, ఇంజనుల చరిత్ర దానికి మంచి పీటే వేసింది. దీనికి కారణం రసాయన శాస్త్రంలో ఉన్నది. వేరుశనగ, నువ్వుల వంటి నూనెలు మిథనాల్‌లో సరిగా కలియవు. పైకి తేలడమో, అడుగుకు చేరడమో జరుగుతుంది. ఆముదంలో సుమారు 90 శాతం ఉండే రిసినోలియిక్ ఆమ్లపు నిర్మాణంలో ఒక హైడ్రాక్సిల్ సమూహం అదనంగా ఉంటుంది. ఆ సమూహం వలననే ఆముదం ఆల్కహాలులో హాయిగా కరుగుతుంది. అంతేకాక మిగిలిన నూనెలు మాడి ఆవిరయ్యే వేడి వద్ద కూడా ఇది లోహాన్ని వదలక అంటిపెట్టుకొని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నోమ్, లె రోన్ వంటి విమాన ఇంజనులు ఆముదంతోనే నడిచాయి. కాస్ట్రాల్ అనే సుప్రసిద్ధమైన పేరు సైతం ఆముదానికి గల ఆంగ్ల నామం నుండి పుట్టినదే.

ఆముదపు సాగులో ప్రపంచంలో భారతదేశానిదే అగ్రస్థానం. దేశంలో గుజరాత్ మొదటిది. తెలంగాణ మెట్ట భూములకు, ముఖ్యంగా పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ఎర్రచెలకలకు ఆముదం పాత చుట్టం. హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో 1977లో ఏర్పడిన నూనెగింజల పరిశోధన సంచాలక కార్యాలయం, నేటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ, ఆముదంపై విశేషమైన కృషి చేసింది. వానకు ఎదురుచూసే చెలకలో పండిన గింజకు, ఆకాశంలో గిరగిర తిరిగే రోటరుకు మధ్య ఉన్న ఈ బంధుత్వం నమూనా హెలికాప్టర్ పట్టుకొన్నవారిలో కూడా ఎందరికో తెలియదు. నేటి ఇంధనాలలో కృత్రిమ నూనెల వాటా పెరిగినా, ఇంజను మితిమీరి వేడెక్కినపుడు కాపాడుతుందన్న నమ్మకంతో చాలా మిశ్రమాలలో కొంత ఆముదాన్ని ఇంకా కలుపుతూనే ఉన్నారు. అయితే ఆముదానికి ఒక దుర్గుణం ఉన్నది. వేడికి, గాలికి చాలాకాలం గురైతే అది గోధుమరంగు జిగురుగా మారి, వార్నిష్ వలె పట్టుకొంటుంది. ట్యాంకు సంరక్షణలో సగం శ్రమ ఈ జిగురుతోనే.

ఇప్పుడు ట్యాంకు నిర్మాణాన్ని చూడాలి. అది పాలిఇథిలీన్‌తో చేసిన, పాలవలె తెల్లగా లోపలిది కొంచెం కనిపించే సీసా. మూతలోనో పక్కగోడకున్న రంధ్రంలోనో రబ్బరు బిరడా ఉంటుంది. ఆ బిరడా గుండా రెండు లేక మూడు గొట్టాలు లోపలికి పోతాయి. ఒకటి ఇంజనుకు ఇంధనాన్ని తీసుకొనిపోయేది. రెండవది సైలెన్సర్ నుండి వచ్చేది. పొగ తోపుడులో కొద్ది భాగాన్ని ఇది ట్యాంకులోకి మళ్లించి, ఇంధనాన్ని వెనుక నుండి మెల్లగా నెడుతూ ఉంటుంది. మూడవది ఉంటే ఇంధనం నింపడానికి. ఇంజనుకు పోయే గొట్టం ట్యాంకు లోపల గట్టిగా ఉండదు; మెత్తని సిలికాన్ గొట్టంగా వేలాడుతుంది. దాని చివర ఒక చిన్న లోహపు గుండు ఉంటుంది. హెలికాప్టర్ ముందుకు వంగితే ఇంధనం ముందుకు పోతుంది, గుండు కూడా దాని వెంట పోతుంది. పక్కకు ఒరిగితే పక్కకు. తలకిందులైతే పైకప్పు వైపుకు. ఇంధనం ఎక్కడ ఉంటే గొట్టపు నోరు అక్కడ ఉండాలన్నదే ఆ గుండు చేసే పని. చేదబావిలో నీరు అడుగంటినపుడు బిందెను ఎటు వంచితే నీరందుతుందో తెలిసిన చేయి వంటిది అది.

ఇంత చిన్న ఏర్పాటుకు అంత పెద్ద పని ఎందుకు పడిందో కొన్ని లెక్కలు చెబుతాయి. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక గ్రాము మిథనాల్‌కు 6.5 గ్రాముల గాలి చాలు. కాబట్టి ఒకే పరిమాణం గల గాలిని పీల్చుకొనే ఇంజను పెట్రోలు కంటె రెండింతలకు మించి మిథనాల్‌ను తాగుతుంది. నమూనా హెలికాప్టర్ ఇంజనులను 30, 50, 90 అనే తరగతులుగా పిలుస్తారు. వాటి ఘనపరిమాణాలు వరుసగా దాదాపు 5, 8, 15 ఘన సెంటీమీటర్లు. నడిమి తరగతి యంత్రం 400 మిల్లీలీటర్ల ఇంధనాన్ని పదిపన్నెండు నిమిషాలలో హరించివేస్తుంది. ఎగిరేటప్పుడు 350 గ్రాముల బరువున్న ఇంధనం దిగేటప్పటికి దాదాపు శూన్యమవుతుంది కనుక, రోటరు ఇరుసుకు వీలయినంత దగ్గరగా ట్యాంకును అమరుస్తారు. లేకపోతే ఎగురుతున్న కొద్దీ యంత్రపు తూకం మారిపోతుంది.

విమానానికీ హెలికాప్టర్‌కూ ఇక్కడ ఒక భేదం ఉన్నది. విమానపు ఇంజను ఆగినా రెక్కల ఆధారంతో అది జారుతూ కిందికి దిగగలదు. హెలికాప్టర్‌కు రెక్కలంటే తిరుగుతున్న రోటరే. తిరగడం మందగించిన క్షణం నుండి ఆధారం సన్నగిల్లుతుంది. సిద్దిపేట నుండి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదుకు పోయేటప్పుడు దారిలో వచ్చే హకీంపేటలో వైమానిక దళపు హెలికాప్టర్ శిక్షణ కేంద్రం ఉన్నది. అటువంటి శిక్షణలో ప్రతి చోదకుడూ నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉన్నది: ఇంజను ఆగినపుడు రెక్కల వాలును తక్షణమే తగ్గించి, కిందినుండి పైకి వీచే గాలితో రోటరును తిరగనిచ్చి, నేలను సమీపించగానే వాలును పెంచి మెత్తగా దింపడం. నమూనా హెలికాప్టర్‌ను కూడా అదే విధంగా దింపవచ్చు. కాని దానికి తగిన ఎత్తు ఉండాలి, చేతివాటం ఉండాలి, అన్నిటికి మించి ఆ ఒక్క క్షణంలో మెలకువ ఉండాలి. కొత్తగా నేర్చుకొనేవారికి ఈ మూడూ ఒకేసారి సమకూరడం అరుదు.

ఇంధనపు గొట్టంలోకి గాలిబుడగలు వస్తే ఇంజను వెంటనే ఆగిపోదు. అందులోనే ప్రమాదం ఉన్నది. ఇంధనం తగ్గి గాలి పాలు పెరగడం వలన మిశ్రమం పలచబడుతుంది. పలచబడిన మిశ్రమంతో ఇంజను కొంతసేపు మరింత చురుకుగా తిరుగుతున్నట్లు, శబ్దం సన్నబడి పదునెక్కినట్లు తోస్తుంది. అనుభవం లేనివారు దీనిని ఇంజను ఆరోగ్యంగా భావించి సంతోషిస్తారు. నిజానికి ఇంధనంతో పాటే లోపలికి పోవలసిన నూనె కూడా తగ్గిపోయి, చల్లదనం తగ్గిపోయి, పిస్టన్ సిలిండర్ గోడను గీరడం అప్పటికే మొదలై ఉంటుంది. సైలెన్సర్ నుండి వచ్చే తెల్లని పొగ పలచబడడం, మధ్యమధ్య ఇంజను గొంతు మారడం దీని గుర్తులు. ఆ గుర్తులు కనబడగానే యంత్రాన్ని దించాలి. కార్బ్యురేటర్ సూదిని తిప్పి ఇంధనం పెంచడం చాలామంది చేసే పొరపాటు. గాలి లోపలికి వచ్చే దారి మూసుకోనంత వరకు సూదిని ఎంత సవరించినా ఆ సవరణ మరునాటికి నిలవదు.

గాలి ఏయే దారులలో వస్తుంది? మొదటి అనుమానం మెత్తని గొట్టం మీద ఉండాలి. ఇత్తడి గొట్టం చివర పదునుగా కోసి వదిలివేస్తే, దానిపైకి సిలికాన్ గొట్టాన్ని ఎక్కించినపుడల్లా లోపల గాటు పడుతుంది. ఆ గాటు కొద్ది వారాలలో సూదిబెజ్జమవుతుంది. బెజ్జం ట్యాంకు లోపలి గొట్టానికి పడితే మరింత చిక్కు. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఆ బెజ్జం ఇంధనంలో మునిగి ఉంటుంది కనుక ఏ బాధా ఉండదు. ఇంధనం సగానికి దిగగానే బెజ్జం బయటపడి గాలిని పీలుస్తుంది. ప్రతిసారీ సగం ఎగిరిన తరువాతనే ఇంజను మొండికేస్తున్నదంటే లోపం ఎక్కడ ఉన్నదో దీనిని బట్టి ఊహించవచ్చు.

రెండవ దారి రబ్బరు బిరడా. ఇంధనానికీ వేడికీ కాలక్రమంలో అది గట్టిపడి, ట్యాంకు రంధ్రానికి అతుకుకోవడం మానివేస్తుంది. దానిని ఏడాదికొకసారి మార్చడం వలన అయ్యే ఖర్చు ఒక్క బేరింగు వెలలో కూడా చాలా కొద్ది భాగం. మూడవది ఇంధనపు వడపోత. చెత్తను ఆపడానికి పెట్టిన వడపోత మరలు వదులైతే అదే గాలికి ద్వారమవుతుంది. సిద్దిపేట ప్రాంతంలో వరి కోసిన మడిలోనో, బీడు చెలకలోనో హెలికాప్టర్‌ను ఎగరవేస్తే రోటరు గాలికి లేచే ఎర్రదుమ్ము ఇంతింత కాదు. అందువలన వడపోత తప్పనిసరి. ఒకటి కాదు, రెండు ఉండడం మేలు: డబ్బా నుండి ట్యాంకులోకి నింపేటప్పుడు ఒకటి, ట్యాంకు నుండి ఇంజనుకు పోయే దారిలో మరొకటి. మొదటిదానిని శుభ్రంగా ఉంచితే రెండవదానికి పని తక్కువ.

నాలుగవది రంధ్రం కాదు, వణుకు. రోటరు రెక్కల తూకంలో ఏ కొద్ది తేడా ఉన్నా యంత్రమంతా అదురుతుంది. ట్యాంకు చట్రానికి గట్టిగా ఆనుకొని ఉంటే లోపలి ఇంధనం కవ్వంతో చిలికిన మజ్జిగ వలె నురగ కట్టి, గుండు ఆ నురగనే పీలుస్తుంది. ట్యాంకును చట్రానికి తాకనీయకుండా మెత్తని రబ్బరు ముక్కలపై కూర్చోబెట్టడం, రెక్కల తూకాన్ని సరిచూడడం దీనికి విరుగుడు. చాలామంది ప్రధాన ట్యాంకుకు, ఇంజనుకు మధ్య మరొక బుల్లి ట్యాంకును అమరుస్తారు. ఇది ఎప్పుడూ నిండుగా ఉంటుంది. పెద్ద ట్యాంకు నుండి తప్పించుకొని వచ్చిన బుడగ ఇందులోకి చేరి పైభాగాన నిలిచిపోతుంది. అడుగు నుండి ఇంజనుకు శుద్ధమైన ఇంధనమే పోతుంది. ఈ బుల్లి ట్యాంకుకు మరొక ఉపయోగం ఉన్నది. అందులో గాలి కనిపించడం ఆరంభమైందంటే పెద్ద ట్యాంకు ఖాళీ అయినదని అర్థం. ఇక దిగవలసిన సమయం వచ్చినట్లే.

బెజ్జం ఎక్కడున్నదో కంటికి కనబడనపుడు చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసే దుకాణంలో అది రోజూ జరుగుతుంది. ట్యాంకును విప్పి, ఖాళీ చేసి, శుభ్రపరచి, ఒక గొట్టం తప్ప మిగిలినవన్నీ మూసివేయాలి. ట్యాంకును నీటిలో ముంచి, మిగిలిన గొట్టం గుండా చిన్న చేతిపంపుతో మెల్లగా గాలిని ఎక్కించాలి. బుడగలు లేచినచోట లోపమున్నట్లు. ఈ పరీక్షకు నోటిని ఉపయోగించరాదు; అందుకు కారణం ముందు తెలుస్తుంది. లోపలి గొట్టాన్ని మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు. దానిని బయటకు తీసి, వేళ్లతో కొద్దిగా సాగదీసి, వెలుతురులో చూడవలసిందే. సందేహం కలిగితే మార్చివేయాలి. కొత్త గొట్టాన్ని కోసేటప్పుడు పొడవు విషయంలో జాగ్రత్త అవసరం. గుండు ట్యాంకు వెనుక గోడకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగాలి. మరీ పొడవైతే గోడకు ఒత్తుకొని ఇరుక్కుపోతుంది. మరీ పొట్టిదైతే మూలలకు అందదు. ట్యాంకును చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పినపుడు గుండు టకటకమని స్వేచ్ఛగా తిరుగుతూ ఉండడం సరైన కొలతకు గుర్తు.

సిలికాన్ గొట్టం మిథనాల్‌కు తట్టుకొంటుంది కాని పెట్రోలుకు తట్టుకోదు, ఉబ్బి మెత్తబడిపోతుంది. కాబట్టి జిగురు పట్టిన ట్యాంకును పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగాలన్న ఆలోచన మంచిది కాదు. ఆముదపు జిగురును కరిగించేది మిథనాలే కనుక, కొద్ది మిథనాల్ పోసి గిలకరించి, కాసేపు నిలువ ఉంచి పారబోయాలి. మొండి మరకలకు సబ్బు కలిపిన గోరువెచ్చని నీరు పనిచేస్తుంది. అయితే ఆ తరువాత ట్యాంకులో తడి అనేదే లేకుండా ఆరబెట్టాలి.

తడి అంటే అంత భయమెందుకన్నదానికి సమాధానం మిథనాల్ స్వభావంలో ఉన్నది. అది గాలిలోని తేమను ఆశతో పీల్చుకొంటుంది. సగం ఖాళీ డబ్బాకు మూత వదులుగా పెట్టి శ్రావణ భాద్రపదాలు గడిపితే, ఆ ఇంధనంతో ఇంజను ప్రారంభం కావడమే కష్టమవుతుంది. అయినా, ప్రారంభం కాని ఇంజను కంటె ప్రారంభమై లోపల తుప్పు పట్టే ఇంజనుతోనే నష్టమెక్కువ. ఉక్కు బేరింగులకు తేమ కలిసిన ఇంధనపు అవశేషం శత్రువు. అందువలన రోజు పని ముగియగానే ట్యాంకులో మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా తోడివేసి, గొట్టాన్ని మూసి ఇంజనును దానంతట ఆగేవరకు నడిపి, ఆపై నిలువకు వాడే నూనెను నాలుగు చుక్కలు వేసి చేతితో తిప్పి ఉంచుతారు. ట్యాంకులో ఇంధనాన్ని వదిలివేస్తే మిథనాల్ ఆవిరైపోయి నూనె మాత్రమే అడుగున మిగులుతుంది. తరువాత దానిపై కొత్త ఇంధనం పోసినవారికి మిశ్రమపు పాళ్లు ఎందుకు తప్పాయో అంతుపట్టదు. వేసవిలో సిద్దిపేటలో ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలను తాకుతుంది; మూసిన కారులో అంతకంటె చాలా ఎక్కువ. మిథనాల్ మరిగే ఉష్ణోగ్రత 64.7 డిగ్రీలే. ఎండలో నిలిపిన కారులో ఇంధనపు డబ్బాను ఉంచడం ఏ విధంగా చూసినా తెలివితక్కువ పని. ఎండకు నైట్రోమీథేన్ కూడా చెడుతుంది కనుక, గట్టి మూతగల డబ్బాను చీకటి, చల్లని చోట ఉంచాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ యంత్రానికి కలిగే నష్టాలు. మనిషికి కలిగే నష్టం వేరు. మిథనాల్ విషం. విషమద్యం తాగి మరణించినవారిని గురించి వార్తలు వచ్చినపుడల్లా ఆ మద్యంలో కలిసినదిగా తరచు వినిపించే పేరు ఇదే. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి మొదట కంటినరాన్ని దెబ్బతీస్తుంది. చాలా కొద్ది మోతాదే చూపును, మరికొంత ప్రాణాన్ని హరించగలదు. గొట్టాన్ని నోటితో పీల్చి ఇంధనం తోడడం, మూసుకుపోయిన వడపోతను నోటితో ఊదడం పెట్రోలు యంత్రాల దగ్గర చాలామందికి అలవాటు. ఆ అలవాటు అక్కడే మంచిది కాదు; ఇక్కడైతే ప్రాణాంతకం. మిథనాల్ చర్మం గుండా కూడా లోపలికి ఇంకుతుంది. చేతులపై ఒలికితే వెంటనే నీటితో కడుగుకోవాలి. ఇంధనాన్ని తాగునీటి సీసాలో ఎన్నడూ పోయరాదు. కొన్ని ఇంధనాలకు గులాబీ, నీలం వంటి రంగులు కలుపుతారు; శీతల పానీయమని పసిపిల్లలు పొరబడడానికి ఆ రంగు చాలు.

మంట విషయంలో మరొక మోసం ఉన్నది. మిథనాల్ మంట ఎండవేళ కంటికి దాదాపు కనిపించదు. పొగ కూడా ఉండదు. వేడి తగిలేదాకా మండుతున్న సంగతే తెలియకపోవచ్చు. వేడిగా ఉన్న సైలెన్సర్ పక్కన ఇంధనం నింపడం, దగ్గరలో బీడీ వెలిగించడం నిషిద్ధం. మిథనాల్ నీటిలో పూర్తిగా కలుస్తుంది గనుక ధారాళమైన నీరు ఈ మంటను ఆర్పగలదు. దగ్గర ఒక బిందె నీరు ఉంచుకోవడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. రోటరు సంగతి వేరే చెప్పనవసరం లేదు కాని, ఒక లెక్క చాలు. 30 తరగతి హెలికాప్టర్ రోటరు వ్యాసం సుమారు 1.25 మీటర్లు. నిమిషానికి 1,800 సార్లు తిరిగినపుడు దాని రెక్క కొన గంటకు 400 కిలోమీటర్లకు మించిన వేగంతో పోతుంది. 2013లో న్యూయార్క్ నగరంలో ఒక యువకుడు తన నమూనా హెలికాప్టర్ రెక్క తగిలి మరణించాడు. అందుకే ట్యాంకు పరీక్ష గాలిలో కాదు, నేలమీద, రోటరు పూర్తిగా ఆగిన తరువాతనే జరగాలి.

మన దేశంలో ఇటువంటి యంత్రాలకు చట్టపరమైన గుర్తింపు ఉన్నది. 2021 నాటి డ్రోన్ నియమాలలో, విద్య, పరిశోధన, వినోదాల కొరకు కంటిచూపు మేరలో ఎగరవేసే, 25 కిలోలకు మించని యంత్రాలను నమూనా విమానాలుగా నిర్వచించారు. ఎన్‌సీసీ వైమానిక విభాగపు క్యాడెట్లకు ఏరోమోడలింగ్ ఒక శిక్షణాంశం. విమానాశ్రయాల, సైనిక స్థావరాల సమీపంలో ఎగరవేయడంపై ఆంక్షలు ఉన్నవి కనుక, ఆకాశంలోకి లేపే ముందు ఆ ప్రదేశం అనుమతింపబడినదో కాదో తెలుసుకోవాలి.

బ్యాటరీలు బలపడిన తరువాత నైట్రో హెలికాప్టర్ల వాడకం తగ్గింది. ఇంధనపు మురికి లేదు, పొగ లేదు, ట్యాంకే లేదు. కొత్తవారు ఎక్కువగా విద్యుత్ హెలికాప్టర్ల వైపే మొగ్గుతున్నారు. పొలాలలో మందు చల్లడానికి వచ్చిన డ్రోన్లు సైతం ఎక్కువగా బ్యాటరీతో నడిచేవే. ఈ పనికి మొదట దారి చూపినది మాత్రం ఇంజను గల హెలికాప్టరే. జపానులో యమహా సంస్థ 1987లో ఆర్-50 అనే మానవరహిత హెలికాప్టర్‌ను వరిపొలాలపై మందు చల్లడానికి రూపొందించింది. అది 20 కిలోల మందును మోసేది. దాని ఇంజను రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను - సిద్దిపేట రైతు వీపునున్న స్ప్రేయర్ ఇంజనుకు పెద్దన్న వంటిది.

ఆ స్ప్రేయర్‌కు ట్యాంకు ఇంకా ఉన్నది. పైగా దాని పెట్రోలు కూడా మునుపటి పెట్రోలు కాదు. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. ఇథనాల్ మిథనాల్‌కు తోబుట్టువు; తేమను పీల్చే గుణం దానికీ ఉన్నది. పత్తి ఏరడం పూర్తయిన తరువాత స్ప్రేయర్‌ను పెట్రోలుతో సహా కొట్టంలో పడవేసి, మరుసటి వానాకాలంలో తీస్తే, పీల్చిన నీరు ఇథనాల్‌తో కలిసి అడుగుకు దిగి ఉండవచ్చు. గుండు పీల్చేది అడుగునుండే. నమూనా హెలికాప్టర్ వారు ప్రతి సాయంత్రం చేసే పనిని స్ప్రేయర్ గల రైతు ఏడాదికొకసారి చేస్తే చాలు: ట్యాంకును ఖాళీ చేయడం, ఇంజనును ఆగేవరకు నడపడం, లోపలి గొట్టాన్ని బయటకు లాగి వెలుతురులో ఒకసారి చూడడం.